సైనికుడి ఇంటికి ఏ అడ్రస్ రాయాలి?

సంపాదకులకు నమస్కారం.

లైసెన్సు లేకుండా బండ్లు నడిపేవాళ్ళ మీద కేసులు పెడుతున్నారని, స్కూటీల మీద పిల్లల్ని దింపే ఆడవాళ్ళలో చాలామందికి లైసెన్సే లేదని ఈమధ్య పేపర్లో తరచూ చదువుతున్నాను. కేసులు పెట్టొద్దని నేననను, రోడ్ల మీద ప్రాణాలు పోతున్నాయి, పెట్టాల్సిందే. కానీ లైసెన్సు తీసుకుందామని మనసారా అనుకుని, దానికోసం నాలుగేళ్ళు తిరిగిన మనిషిని నేను. నాలాంటి వాళ్ళు ప్రతి కంటోన్మెంట్‌లోనూ, ప్రతి ఫ్యామిలీ క్వార్టర్స్‌లోనూ ఉన్నారు. వాళ్ళ తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను, కొంచెం పొడవుగా ఉంటే క్షమించండి.

మా ఆయన ఆర్మీలో, సామాను సరఫరా చూసే ఏఎస్‌సీ (ఆర్మీ సర్వీస్ కోర్)లో ఎంటీ డ్రైవరు. అంటే స్టాలియన్ లారీలు, జిప్సీలు, ఏది ఇస్తే అది నడపాలి. పెళ్ళయ్యాక రెండు మూడేళ్ళకొకసారి పోస్టింగ్ మారుతూనే ఉంది. జోధ్‌పూర్, తర్వాత బఠిండా, తర్వాత బెంగాల్లో బిన్నాగురి, ఆ తర్వాత ఆయన ఒక్కడే లేహ్ వైపు ఫీల్డ్‌కి, అంటే సరిహద్దు డ్యూటీకి వెళ్ళారు, నేనూ పిల్లలూ వేరే చోట క్వార్టర్లో ఉండిపోయాం. ఫీల్డ్‌కి ఫ్యామిలీని తీసుకెళ్ళనివ్వరు కదా. అలా భర్త లేకుండా ఉండే కుటుంబాలకని వేరుగా క్వార్టర్లు ఉంటాయి, అక్కడ ఒక్కో బ్లాకులో ఇరవై ముప్పై మంది ఆడవాళ్ళం, పిల్లలు. మగవాళ్ళు ఎవరూ ఉండరు. స్కూలు, మార్కెట్టు, బ్యాంకు, మిలిటరీ హాస్పిటల్, అన్నీ మేమే చూసుకోవాలి. అలాంటి చోట బండి నడపడం రాకపోతే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

నేను మొదట ఎల్ఎల్ఆర్, అంటే లెర్నర్ లైసెన్సు, తీసుకున్నది జోధ్‌పూర్‌లో. కంప్యూటర్ ముందు కూర్చుని రోడ్డు గుర్తుల పరీక్ష రాసి పాసయ్యాను, ఎంత సంతోషమేసిందో. ఎల్ఎల్ఆర్ వచ్చాక కనీసం 30 రోజులు ఆగాలి, ఆ తర్వాతే ట్రాక్ టెస్టు, అదీ ఆరు నెలల్లోపు అయిపోవాలి. ఇది అందరికీ ఉన్న రూలే. నా ముప్పై రోజులు పూర్తయ్యేసరికి మా ఆయనకి మూవ్‌మెంట్ ఆర్డర్ వచ్చింది. పెట్టెలు సర్దుకుని బఠిండా వెళ్ళిపోయాం. అక్కడ సామాను దించుకుని, పెద్దవాణ్ణి స్కూల్లో వేసి, కాస్త కుదుటపడి ఆర్టీవో ఆఫీసుకి వెళ్తే, ఇది వేరే రాష్ట్రం ఎల్ఎల్ఆర్, ఇక్కడ చెల్లదు, మళ్ళీ కొత్తగా పెట్టుకోండి అన్నారు. మోటారు వాహనాల చట్టం 13వ సెక్షన్లో లెర్నర్ లైసెన్సు కూడా దేశమంతా చెల్లుతుందని స్పష్టంగా ఉంది, ఆ సంగతి నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. అప్పుడు తెలిసినా కౌంటర్ దగ్గర నిలబడి వాదించే ధైర్యం, భాష రెండూ నాకు లేవు.

సరే కొత్తగానే పెట్టుకుందామంటే అడ్రస్ ప్రూఫ్ కావాలన్నారు. నా ఆధార్ మా అత్తగారి ఊరు అడ్రస్‌తో ఉంది, ఓటు అక్కడే, రేషన్ కార్డు అక్కడే. మేముండే క్వార్టర్ నా పేరు మీద ఉండదు, కరెంటు బిల్లు మా పేరున రాదు. అద్దె అగ్రిమెంటు అనే మాటే లేదు. మా ఆయన జీతం స్లిప్ తీసుకెళ్ళాను. కేంద్ర ప్రభుత్వ ఆఫీసు ఇచ్చిన పే స్లిప్‌ని రుజువుగా తీసుకోవచ్చని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉంది, కానీ ఆ స్లిప్పు మీ ఆయనది, మీది కాదు కదమ్మా, పైగా ఇందులో ఇంటి అడ్రస్ ఏది అన్నారు. కౌంటర్లో ఉన్నాయన అడిగింది తప్పని కూడా నేననలేను. ఆర్మీ అడ్రస్ అంటే యూనిట్ పేరు, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు). అది ఊరు కాదు, వీధి కాదు, ఏ ఆఫీసు కంప్యూటర్లోనూ అది ఇమడదు. మీ సొంత రాష్ట్రంలో తీసుకోండి, అదే సులభం అని సలహా ఇచ్చి పంపించారు.

సొంత రాష్ట్రానికి మేం ఎప్పుడొస్తాం? ఏడాదికొకసారి, పిల్లల వేసవి సెలవుల్లో, అదీ ఆయనకి లీవు దొరికితే. వచ్చిన మొదటి వారమే ఎల్ఎల్ఆర్ తీసుకున్నా, ముప్పై రోజులు ఆగి టెస్టుకి స్లాట్ చూస్తే దొరికే తేదీ స్కూళ్ళు తెరిచాక ఉంటుంది. రెండు వేసవులు నాకు అలాగే పోయాయి. మొదటిసారి స్లాట్ తేదీకి మేం రైల్లో ఉన్నాం. రెండోసారి మా మామయ్యగారికి ఒంట్లో బాగోక హాస్పిటల్లో ఉన్నాం. ఆ ఆఫీసు బయట ఒకాయన, మీరు రానక్కర్లేదమ్మా, డబ్బులిచ్చి ఫొటో, సంతకం ఇచ్చి వెళ్ళండి, అన్నీ నేను చూసుకుంటా అన్నాడు. నిజం చెప్తున్నా, ఒక్క నిమిషం ఊగిసలాడాను. కానీ ఇంటికొచ్చి ఫోన్లో చెప్తే మా ఆయన, అలా తీసుకున్న లైసెన్సుతో నువ్వు పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తానంటే నేను ఒప్పుకోను అన్నారు. డ్రైవింగే బతుకుగా ఉన్న మనిషి, కొండల మీద ఎన్ని బండ్లు పడిపోవడం చూశారో ఆయనకే తెలుసు.

ఆ మధ్యలో ఒక రాత్రి జరిగింది చెప్పాలి. అప్పటికి ఆయన లేహ్‌లో ఉన్నారు. చిన్నదానికి జ్వరం నూట నాలుగు దాటింది, రాత్రి ఒంటిగంటన్నర. అంబులెన్సుకి ఫోన్ చేస్తే వేరే కేసు మీద వెళ్ళింది, వచ్చేసరికి టైం పడుతుందన్నారు. పక్కింటావిణ్ణి వెనక కూర్చోబెట్టి, పాపని మా ఇద్దరి మధ్య పెట్టుకుని, లైసెన్సు లేకుండా స్కూటీ తీశాను. మూడు కిలోమీటర్లు. దారిలో పోలీసులు ఎక్కడ ఆపుతారోనన్న టెన్షన్ ఒకటి, ఏదైనా తగిలితే ఇన్సూరెన్సు వాళ్ళు లైసెన్సు ఏదమ్మా అంటే ఏం చెప్పాలన్నది ఇంకొకటి. నేను చేసింది తప్పే. చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా నడిపితే 2019 సవరణ తర్వాత 5,000 రూపాయల జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. అది తెలిసే నడిపాను. మళ్ళీ అలాంటి రాత్రి వస్తే ఏం చేస్తానో నాకు తెలియదు, అందుకే ఆ మరుసటి వేసవిలో పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి, నేనొక్కదాన్నే స్కూళ్ళు తెరిచాక కూడా పది రోజులు ఆగి, ట్రాక్ మీద ఎనిమిది వేసి, లైసెన్సు తెచ్చుకున్నాను. అప్పటికి నాలుగేళ్ళు.

ఇంకో చిన్న విషయం, చిన్నదే కానీ చాలామందిని ఇదే ఆపేస్తోంది. ఇప్పుడు చాలా పనులు ఆఫీసుకి వెళ్ళకుండా ఆధార్ ఓటీపీతో ఆన్‌లైన్లోనే చేసుకోవచ్చు, మంచి మార్పు. కానీ మా క్వార్టర్స్‌లో సగంమంది ఆడవాళ్ళ ఆధార్‌కి లింకైన నంబరు భర్తది. పెళ్ళైన కొత్తలో ఆయనే తీసుకెళ్ళి చేయించి ఉంటారు. ఓటీపీ వెళ్ళేది ఏ పదిహేను వేల అడుగుల ఎత్తులోనో సిగ్నల్ లేని పోస్టులో ఉన్న ఫోన్‌కి. ఆయన కిందికి దిగి ఫోన్ ఆన్ చేసేసరికి ఓటీపీ గడువు అయిపోయి ఉంటుంది. ఈ ఉత్తరం చదివే ఆర్మీ చెల్లెళ్ళకి ఒకటే చెప్తున్నా, ముందు మీ ఆధార్‌కి మీ సొంత నంబరు లింక్ చేయించుకోండి, రేపటికి వాయిదా వేయకండి.

ఇక జవాన్ల సంగతి. బయటివాళ్ళు అనుకుంటారు, మిలిటరీ డ్రైవరుకి లైసెన్సు సమస్య ఏముంటుందని. ఉంది. సైన్యం ఇచ్చే డ్రైవింగ్ లైసెన్సు మోటారు వాహనాల చట్టం 18వ సెక్షన్ కింద ఇచ్చేది. దేశమంతా చెల్లుతుంది, కానీ దేశ రక్షణ పనికి వాడే ప్రభుత్వ వాహనాలకి మాత్రమే. ఆ లైసెన్సుతో ఇంకే వాహనం నడిపే హక్కు లేదని అదే సెక్షన్లో రాసి ఉంది. అంటే పైకి బాణం గుర్తు ఉన్న నంబరు ప్లేటు లారీని జోజిలా మీదుగా మంచులో నడిపిన మనిషి, లీవులో ఇంటికొచ్చి నాన్న మోటార్ సైకిలు తీస్తే చట్టం దృష్టిలో లైసెన్సు లేనివాడే. ఈ తేడా చాలామంది కుర్రాళ్ళకి తెలియదు. నా దగ్గర మిలిటరీ లైసెన్సు ఉంది కదా అనుకుని ధైర్యంగా తిరుగుతారు. దేవుడి దయవల్ల ఏమీ జరగకపోతే సరే, ఏదైనా యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్సు కంపెనీ అడిగే మొదటి ప్రశ్న లైసెన్సు గురించే. యూనిట్లలో లీవు పాస్ ఇచ్చేటప్పుడు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పి పంపితే ఎంత బాగుంటుందో.

మరి సివిల్ లైసెన్సు తీసుకుందామంటే? ఇక్కడ చట్టం మన వైపే ఉంది. 9వ సెక్షన్లో మూడో సబ్ సెక్షన్ చూడండి. 18వ సెక్షన్ కింద ఒక తరగతి వాహనానికి లైసెన్సు ఉన్నవాళ్ళు, ఇంతకుముందు ఉండినవాళ్ళు కూడా, అదే తరగతికి సివిల్ లైసెన్సు అడిగితే మళ్ళీ డ్రైవింగ్ టెస్టు అవసరం లేదు. అంత సూటిగా ఉంది. కానీ మా ఆయన ఆ కాగితం పట్టుకుని వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు, మాకు ఇలాంటివి రావు, కంప్యూటర్లో ఆ ఆప్షన్ ఎక్కడుందో కూడా తెలీదు, మామూలుగా టెస్టు ఇచ్చేయండి, మీకేం కష్టం, నడపడం వచ్చు కదా అన్నారు. మర్యాదగానే అన్నారు. మా ఆయన టెస్టు ఇచ్చారు, పాసయ్యారు. నడపడం రాదని కాదు బాధ, ఆ టెస్టు కోసం స్లాట్ దొరక్క లీవులో పన్నెండు రోజులు పోయాయి. జవానుకి ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు. అందులో రైలు ప్రయాణాలు, ఊళ్ళో పొలం గొడవలు, తల్లిదండ్రుల హాస్పిటల్ చెకప్పులు, చెల్లి పెళ్ళి సంబంధం, అన్నీ ఇమడాలి. పన్నెండు రోజులంటే మాకు చాలా ఎక్కువ.

రెన్యువల్ ఇంకా దారుణం. మా పక్క క్వార్టర్లో ఒక సుబేదార్ గారి కుటుంబం ఉండేది, ఆయన్ని మేం అన్నయ్యా అనే పిలిచేవాళ్ళం. ఆయన 2003లో తీసుకున్న సివిల్ లైసెన్సు ఇరవయ్యేళ్ళు నిండి 2023లో అయిపోయింది. ఆయన అప్పుడు తూర్పు లడఖ్‌లో. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచి, తీరాక ఏడాది లోపు దాకా రెన్యువల్ చేసుకోవచ్చు, ఆ ఏడాది దాటితే మళ్ళీ టెస్టు, ఇది 2019 సవరణతో వచ్చిన రూలు. గడువు తీరిన రోజు నుంచే లైసెన్సు చెల్లదు, ఇదివరకున్న 30 రోజుల వెసులుబాటు కూడా ఇప్పుడు లేదు. ఆ రెండేళ్ళలో ఆయనకి లీవులు రాలేదా అంటే వచ్చాయి. ఒకటి కూతురి పెళ్ళికి పోయింది, ఒకటి వాళ్ళమ్మ పోతే కర్మకాండలకి పోయింది. ఆ రోజుల్లో లైసెన్సు గుర్తుంటుందా? మూడోసారి వచ్చేసరికి ఏడాదిన్నర దాటింది. నలభై దాటారు కాబట్టి ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్ కావాలన్నారు. ఏటా యూనిట్‌లో మిలిటరీ డాక్టరు కళ్ళు, చెవులు, గుండె అన్నీ పరీక్ష చేసి రాసిన కాగితాలు చూపిస్తే ఇవి కుదరవు, మా లిస్టులో ఉన్న డాక్టరు రాయాలి అన్నారు. అది కూడా రూలే, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన డాక్టరే సంతకం పెట్టాలి. అయితే రాష్ట్ర ప్రభుత్వం ఒక్క నోటిఫికేషన్‌తో మిలిటరీ డాక్టర్లని కూడా ఆ లిస్టులో చేర్చవచ్చు కదా. దీనికి పార్లమెంటు అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు.

బండి విషయంలో ఇదే సమస్య ఉంటే ప్రభుత్వమే పరిష్కారం కనిపెట్టింది. 2021లో బండ్లకి బీహెచ్ సిరీస్ తెచ్చారు, రాష్ట్రం మారినా మార్చక్కర్లేని నంబరన్నమాట. సైన్యంలో పనిచేసేవాళ్ళు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల వాళ్ళు ఆ నంబరు తీసుకోవచ్చు. రాష్ట్రం మారినప్పుడల్లా ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని, కొత్త నంబరు వేయించుకుని, పాత చోట కట్టిన ట్యాక్సు వాపసు కోసం తిరగక్కర్లేదు, రెండేళ్ళకొకసారి ట్యాక్సు కడితే చాలని అప్పుడు రూలు పెట్టారు. మాకు అది ఎంత ఊరటో చెప్పలేను. ఉద్యోగం వల్ల ఊరు మారే మనిషి తన ఇష్టంతో మారడం లేదని ప్రభుత్వం అక్కడ గుర్తించింది. మరి ఆ బండి తాళం చేతిలో పట్టుకున్న మనిషి విషయంలో ఎందుకు గుర్తించదు? లైసెన్సు ఒకసారి చేతికొస్తే దేశమంతా చెల్లుతుంది, నేను కాదనను. నా బాధంతా అది చేతికి రావడం, గడువు తీరితే మళ్ళీ రావడం గురించే.

అమెరికాలో మా బంధువు ఒకామె ఉంటుంది, తన పక్కింట్లో మిలిటరీ కుటుంబం ఉందట. అక్కడ చాలా రాష్ట్రాల్లో డ్యూటీ మీద బయటి రాష్ట్రంలోనో, విదేశంలోనో ఉన్న సైనికుడి లైసెన్సు గడువు తీరినా వెంటనే చెల్లకుండా పోదు, తిరిగొచ్చాక కొన్నాళ్ళ దాకా టైం ఇస్తారు. కొన్ని రాష్ట్రాల్లో భార్యకీ, పిల్లలకీ కూడా అదే వర్తిస్తుంది. మిలిటరీలో పెద్ద లారీలు నడిపిన అనుభవం రెండేళ్ళున్నవాళ్ళకి బయట భారీ వాహనాల లైసెన్సుకి ట్రాక్ టెస్టు మినహాయించే పద్ధతి కూడా ఉంది. అక్కడ అన్నీ బాగున్నాయని చెప్పడం లేదు, ఇలా చేసినా రోడ్లు ఆగమైపోలేదని చెప్తున్నాను.

నేను అడిగేది ఉచితంగా లైసెన్సు ఇమ్మని కాదు, టెస్టు లేకుండా మా ఆడవాళ్ళకి ఇమ్మని అసలే కాదు. బండి సరిగా నడపడం రానివాళ్ళకి లైసెన్సు ఇవ్వకూడదు, అది ఎవరి భార్య అయినా సరే. క్వార్టర్ అలాట్‌మెంట్ కాగితం, డిపెండెంట్ కార్డు, యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ సంతకంతో ఇచ్చే సర్టిఫికెట్, ఈ మూడూ కలిపి చూపిస్తే భార్యా పిల్లలకి అడ్రస్ రుజువుగా తీసుకోండి. ఒక రాష్ట్రంలో ఎల్ఎల్ఆర్ తీసుకుని పోస్టింగ్ మీద వెళ్ళినవాళ్ళకి టెస్టు కొత్త చోట పెట్టండి, చట్టంలో దేశమంతా చెల్లుతుందని రాసిన మాట కౌంటర్ దగ్గర కూడా చెల్లేలా చూడండి. ఫీల్డ్‌లో ఉన్న జవాను లైసెన్సు గడువు తీరితే ఆ ఏడాది లెక్క ఆయన కిందికి దిగిన రోజు నుంచి మొదలెట్టండి. 18వ సెక్షన్ లైసెన్సు ఉన్నవాళ్ళకి టెస్టు మినహాయింపు ఉందని ప్రతి ఆఫీసుకీ ఒక సర్క్యులర్ పంపి, దరఖాస్తులో ఆ ఆప్షన్ ఎక్కడుందో సిబ్బందికి చూపించండి.

రిటైరయ్యేవాళ్ళ గురించి రాయకుండా ఆపలేను. జవాన్లు చాలామంది ముప్పై అయిదు, నలభై ఏళ్ళకే బయటికొచ్చేస్తారు, పిల్లలు అప్పుడు హైస్కూల్లో ఉంటారు. పదిహేడేళ్ళు లారీ నడిపినవాడికి డిశ్చార్జి బుక్ ఇస్తారు, సివిల్ హెవీ లైసెన్సు ఉండదు. ఉద్యోగానికి వెళ్తే బస్సయినా, స్కూల్ వ్యాను అయినా మొదట అడిగేది అదే. అది చేతికొచ్చేదాకా నెలల తరబడి ఖాళీగా కూర్చున్నవాళ్ళని నేను చూశాను. సెక్యూరిటీ గార్డు పనికి వెళ్ళి, లైసెన్సు వచ్చేసరికి ఆ పనిలోనే ఉండిపోయినవాళ్ళనీ చూశాను. 2022లో మొదలైన అగ్నిపథ్‌లో చేరిన పిల్లలైతే నాలుగేళ్ళకే బయటికొస్తారు, అందులో 25 శాతం వరకే రెగ్యులర్‌గా తీసుకుంటామన్నారు. డ్రైవర్లుగా చేసినవాళ్ళకి డిశ్చార్జికి మూడు నెలల ముందే యూనిట్‌లోనో, ట్రైనింగ్ సెంటర్లోనో రవాణా శాఖ వాళ్ళు ఒక రోజు కూర్చుని కాగితాలు చూసి లైసెన్సులు ఇస్తే, ఆ పిల్లలు ఇంటికొచ్చిన వారానికే పనిలో చేరతారు. జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసులు ఈ పనికి పూనుకోవచ్చు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి ఊళ్ళు మనకున్నాయి, తరతరాలుగా ఇంటికొకరు చొప్పున సైన్యానికి పంపిన ఊరది. అలాంటి ఊళ్ళో ఏడాదిలో ఒక్క రోజు టెస్టు ట్రాక్ పెట్టి లైసెన్సు మేళా జరిపితే ఎంతమంది పని ఒక్కసారే అయిపోతుందో లెక్క వేయండి.

నేను కాగితాలు మోసుకు తిరిగిన ఆఫీసుల పేర్లు రాయలేదు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు నన్ను అవమానించలేదు, వాళ్ళ ముందున్న కంప్యూటర్లో మాలాంటి మనుషులకి గడి లేదు, అంతే. ఆ గడి పెట్టాల్సినవాళ్ళు పైన ఉన్నారు, మీ పత్రిక ద్వారా ఈ ఉత్తరం వాళ్ళ దాకా వెళ్తుందని ఆశ.

మా కింది ఇంట్లో శ్రీకాకుళం అమ్మాయి ఒకతి ఉంది, పెళ్ళై ఏడాదిన్నర. నేను సాయంత్రాలు ఖాళీ గ్రౌండులో స్కూటీ నేర్పించాను, చాలా జాగ్రత్తగా నడుపుతుంది. పోయిన నెల ఎల్ఎల్ఆర్ తెచ్చుకుంది, టెస్టుకి స్లాట్ వచ్చే నెల పన్నెండున. నిన్న వాళ్ళాయనకి పోస్టింగ్ ఆర్డర్ వచ్చింది, ఈ నెలాఖరుకి అస్సాంలో రిపోర్ట్ చేయాలి. ఇవాళ పొద్దున్న చూస్తే వరండాలో నల్ల ట్రంకు పెట్టెల మీద పాత యూనిట్ పేరు చెరిపి కొత్తది తెల్ల పెయింటుతో రాస్తున్నారు. ఆ అమ్మాయి ఎల్ఎల్ఆర్ కాగితం పట్టుకుని పైకొచ్చి, అక్కా, ఇది అక్కడ చెల్లుతుందా అని అడిగింది. చట్టంలో చెల్లుతుందని ఉందమ్మా అని చెప్పాను, 13వ సెక్షన్ అని ఆ కాగితం వెనక రాసిచ్చాను.

ఇట్లు,
ఒక జవాను భార్య